మగ్గం చప్పుడు మీద ఏడో ఎక్కం

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. బతికున్నన్నాళ్లూ ఎదురుపడితే తల తిప్పుకున్నవాళ్లు కూడా పోయాక మనిషిని దేవతను చేసేస్తారు. టీచరమ్మకు ఆ మాటంటేనే గిట్టదు. పైగా నాది నేతపని. నూలు కట్టలకు చుట్టి వచ్చే పాత పేపర్ల మీద అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. నూలుకట్ట చిన్నదైతే వార్త సగమే ఉండేది. అందుకే ఇప్పటికీ నాకు చాలా సంగతుల్లో మొదలు తెలుసు, చివర తెలియదు. సరే, దారి తప్పుతున్నాను.

మంగళవారం పొద్దున ఆదోని నుంచి ఫోన్ వచ్చింది. టీచరమ్మ తమ్ముడు. "అన్నా, అక్క పోయినాది. సాయంత్రం అసర్ నమాజు అయినాక మట్టి" అన్నాడు.

ఎమ్మిగనూరులో మా నేతగాళ్ల సందు చివర ప్రాథమిక పాఠశాల ఉంది. ఆమె రోజూ ఆదోని బస్సు దిగి, ఎండ ఉన్నా లేకున్నా గొడుగు వేసుకుని, బుగ్గన లవంగం పెట్టుకుని మా సందులోంచి నడిచి వెళ్లేది. ముక్కు చీదుకుంటూ నిలబడ్డ ఒకటో తరగతి పిల్లోణ్ణి కూడా "ఏం సారూ, మొగం కడిగినారా?" అని పలకరించేది. పిల్లలను మీరు అనేది, పెద్దవాళ్లను నువ్వు అనేది. అదేమి తిరకాసని ఒకసారి అడిగాను. "మీ పెద్దోళ్లకు మర్యాద ఇచ్చేటోళ్లు ఇంట్లో ఉండారు కదన్నా. వాళ్లకు నేనే గదా" అంది.

కరోనా వచ్చి బడికి తాళం వేసినప్పుడు సందులో ఎవరూ పెద్దగా బాధపడలేదు. ఉన్నమాట చెప్పుకోవాలి. మగ్గం ఇంట్లో పిల్లలు ఖాళీగా ఉంటే వాళ్ల చేతులకు పని దొరక్కపోదు. రాట్నం తిప్పాలి, పేకకు, అంటే అడ్డపోగుకు, కండెలు చుట్టాలి. మూడో తరగతి చదివే నా మనవరాలి చేయి కండెల మీద చూస్తుండగానే కుదిరింది. అక్కడే వచ్చింది చిక్కు. కండెలు చుట్టే మనిషి ఇంట్లోనే తయారైంది కదా అని నా కొడుకు రెండో మగ్గానికి నూలిచ్చే సావుకారికి మాట ఇచ్చేశాడు. నేసేవాళ్లు కాళ్లు దించి కూర్చునే మగ్గం గుంట కూడా నడవలో తవ్వేశాడు. దాని పక్కనుంచి నడిచినప్పుడల్లా నాకు మనవరాలే గుర్తొచ్చేది. ఇంట్లో గుంట పడ్డాక అందులో ఎవరో ఒకరు కూర్చోవాల్సిందే.

పాఠాలు ఫోన్‌లో అన్నారు. మా ఇంట్లో ఉన్నది కొడుకు ఫోన్ ఒక్కటే. టీచరమ్మ పాఠం చెబుతుంటే మగ్గం చప్పుడులో ఆమె గొంతు కొట్టుకుపోయేది. ఒక గంట మగ్గాలు ఆపమని ఆమె సందంతా ఫోన్లు చేసింది. ఎవరూ ఆపలేదు. నా కొడుకైతే ఏకంగా ఫోన్ ఎత్తడమే మానేశాడు.

అప్పుడామె తమ్ముడి స్కూటరెక్కి వచ్చింది. ముక్కూ మూతీ కట్టుకుని మా గడప బయటే నిలబడింది. నా కొడుకు గుంటలోంచి లేవలేదు.

"మగ్గం ఆగితే పొయ్యి ఆగుతాది మేడమ్. సెలవులు ఇచ్చినారు గదా, మళ్లా ఈ పాఠాలేంది?"

"సెలవు బడికి ఇచ్చినారప్పా. పిల్లకు ఎవురిచ్చినారు?"

వాడు మగ్గం తొక్కుతూనే ఉన్నాడు. ఆమె నడవలో కొత్త గుంటను చూసింది. చాలాసేపే చూసింది. ఆ చూపుతో కొట్లాట మొదలవుతుందని నేను పంచె సర్దుకున్నాను. ఆమె గొంతు మాత్రం పెరగలేదు.

"సరే, మగ్గం ఆపొద్దులే. కండెలు చుట్టనీ. చేతులు నువ్వు తీసుకో, నోరు నాకియ్యి. ఫోను ఆ పిల్ల పక్కన పెట్టు, అంతే."

వాడు ఫోన్ తీసి రాట్నం పక్కన పెట్టాడు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో చదువు కేకల మీద నడిచింది. ఫోన్‌లో ఆమె అరిచేది, మగ్గం మీదుగా మనవరాలు అరిచేది. మగ్గం దెబ్బకో మాటగా ఎక్కాలు సాగేవి. ఇంటి ముందు కూరగాయల బండివాడు కూడా ఆ ఊపుకే తల ఆడించి పోయేవాడు.

బడి తెరిచారు. పిల్ల వెళ్లింది. టీచరమ్మ ఏడో ఎక్కం అడిగితే చెప్పలేకపోయిందట. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. సంగతి ఇంటికి చేరగానే నా కొడుకు బడికి బయలుదేరాడు. వాడి నడక చూసి నేనూ వెనకాలే పరుగెత్తాను.

"ఇన్నాళ్లు ఫోన్లో అరిసింది దీనికా మేడమ్? ఒక్క ఎక్కం రాని పిల్లకు బడి యాల? రేపట్నుంచి రాట్నం కాడ కూకుంటాది."

"ఇప్పుడే అడుగుదాం. చెప్పలేకపోతే నువ్వే తోలుకొని పో. నేను మళ్లా నీ గడప తొక్కను" అంది టీచరమ్మ.

పిల్ల లేచి నిలబడింది. నోరు తెరిచింది, మాట రాలేదు. తరగతిలో ఈగ వాలినా వినిపించేట్టుంది.

"ఈ నిశ్శబ్దమే పాపకు కొత్త" అని ఆమె నా కొడుకు వైపు తిరిగింది. "మగ్గం మీద కూర్చున్నట్టు కూర్చో నాయనా. తొక్కు."

"ఏం మేడమ్, పిల్లోళ్ల ముందర ఎగతాళా?"

"తొక్కప్పా."

వాడు పిల్లల బెంచీ మీద మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. పిల్లలు కిసుక్కుమన్నారు. వాడి కాలు నేలను తట్టింది, చేయి లేని తాడును లాగింది, అరచేయి బెంచీని కొట్టింది.

"ఏడొకట్ల ఏడు" అంది మనవరాలు.

అక్కణ్ణుంచి జారిపోయింది ఎక్కం. నేను పిల్ల మొహం చూడటం మానేసి కొడుకు కాలినే చూస్తున్నాను. ఆ కాలు ఒక్కసారి ఆగితే చాలు, రెండో మగ్గం మొదలైనట్టే. ఆ సంగతి వాడికీ తెలుసు.

"ఏడేడ్లు నలభై తొమ్మిది. ఏడెనిమిదులు..."

ఆగింది. కళ్లు నీళ్లతో నిండాయి. వాడి కాలు కూడా గాల్లో నిలిచింది. టీచరమ్మ బుగ్గనున్న లవంగం కూడా కదల్చలేదు.

కాలు మెల్లగా నేలకు దిగింది. పోగు తెగినప్పుడు అతికి మళ్లీ అదే వరస నేసినట్టు, వాడు అదే దెబ్బ మళ్లీ కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు.

"...యాభై ఆరు."

మా వాడు మిగతా ఎక్కం కూడా విని లేచాడు. బయటికొచ్చాక నాతో ఒక్క మాటే అన్నాడు: "సావుకారికి నువ్వే సెప్పు నాయినా, రెండో మగ్గం కాదని. నాకు మొగం సెల్లదు." సావుకారు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఆ గుంటలో చాలాకాలం కోళ్లు పడుకున్నాయి.

తర్వాత టీచరమ్మ డస్టరుతో బల్ల మీద తడుతూ పిల్లతో ఎక్కాలు చెప్పించింది. తర్వాత వేలితో తట్టింది. మెల్లగా అదీ మానేసింది. రిటైరైన రోజు సందులో ఎవరు శాలువా తెచ్చినా వెనక్కి పంపింది. "నాకు ఎండాకాలంలో శాలువా ఏందప్పా!" అంది. జబ్బు పడ్డాక చూడటానికి పోతే, "పాప ఎన్నో తరగతి?" అని అడిగిందే తప్ప తన నొప్పి సంగతి ఎత్తలేదు.

ఆ మంగళవారమే మనవరాలికి లెక్కల పరీక్ష. ఎనిమిదో తరగతి. కబురు విని, తానూ ఆదోనికి వస్తానని గడపలో కూర్చుంది. నా కొడుకు మగ్గం దిగి దాని సంచి తెచ్చి చేతికిచ్చాడు.

"పరీక్ష ఇడిసిపెట్టి వస్తే ఆయమ్మ ఒప్పుకుంటాదా? బడికి పో."

మేమిద్దరం బస్సెక్కాం. మట్టి వేసి, ఆమె తమ్ముడి దగ్గర కాసేపు కూర్చుని తిరిగి వచ్చేసరికి దీపాలు పెట్టారు. పరీక్ష ఎట్లా రాశావని మనవరాలిని అడిగాడు వాడు.

"ఒక్క లెక్కే తప్పు పోయినాది నాయినా" అంది. మాకు స్నానాలకు నీళ్లు తోడింది.