దోల్సే శిగ

హవాయి దీవుల్లో, ఒవాహు చెరుకు తోటలో మా కొరియావాళ్ల పాకలన్నిటికీ కలిపి మిగిలిన శిగ ఒక్కటే, దోల్సేది. మిగతావాళ్లం ఓడ దిగిన ఏడాదిలోనే కత్తిరించేసుకున్నాం. ఎండకు నెత్తి ఉడికిపోయేది, పేలు పట్టేవి. పైగా గుర్రం మీది మేస్త్రీకి అది మంచి పట్టు. మా దేశంలో మగాడి పరువంతా శిగలోనే. పెద్ద వంశంవాడైన యూన్ పెద్దాయన తన శిగను కాగితంలో చుట్టుకుని, కన్నతండ్రి పోయినట్టు ఏడ్చాడు. తర్వాత నేను చాలా రేవులు తిరిగాను. తలపాగా కోసం కత్తులు దూసినవాళ్లను కూడా చూశాను. వెంట్రుకల కోసం అంత ఏడుపు మాత్రం మళ్లీ ఎక్కడా వినలేదు.

దోల్సేను అదే శిగ పట్టుకుని మేస్త్రీ చాలు పొడుగునా ఈడ్చాడు. అయినా కత్తెర తగలనివ్వలేదు.

"ఏంరా, అందులో బంగారం గానీ దాచావా?" అనేవాడు గిల్బో.

"ఆ, నీ పెళ్లికి తీస్తాలే" అని నవ్వేసేవాడు దోల్సే.

పంటల పండక్కి ఓ పందిని తెచ్చాం. మాలో రైతులున్నారు, పాత సిపాయిలున్నారు, కోయడం ఒక్కడికీ రాదు. గిల్బో పొడిచిన పోటు తప్పింది. మెడలో కత్తితో అది పాకల చుట్టూ అరుస్తూ పరిగెత్తింది. ఆడవాళ్లు చెవులు మూసుకున్నారు. దోల్సే నేలచూపులు చూస్తూ చాలాసేపు ఓర్చుకున్నాడు. చివరికి లేచి, దాన్ని మోకాలితో అదిమిపట్టి, చెవి కింద వేలితో తడిమి, ఆ కత్తే లాగి ఒకే ఒక్క పోటు పొడిచాడు.

అరుపు ఆగిపోయింది. అందరి చూపూ దోల్సే చేతి మీదే.

ఆ ఒడుపు మా దేశంలో ఊరవతల ఉంచిన కసాయి కులానికే ఉంటుంది. చట్టం మారిందన్నారు గానీ, వాళ్లను శిగ కట్టనిచ్చిన ఊరు నేనెరగను. అంటే వీడు మొదటిసారి శిగ ముడిచింది ఓడెక్కాకే! ఆ ఓడలో పక్కపక్కన పడుకున్నాం. ఒకే కుండలో తిన్నాం.

"థూ! కసాయోడికి శిగా? కత్తెర తెండ్రా!" అని గిల్బో అరిచాడు.

నలుగురు లేచారు, ఒకడు కత్తెర తెచ్చి గిల్బో చేతిలో పెట్టాడు. నలుగురివీ శిగ కత్తిరించిన తలలే.

"అయ్యా," అన్నాడు దోల్సే యూన్ పెద్దాయనతో. పొద్దుటిదాకా 'అన్నా' అనేవాడు. "మీవి మీరే తీసేసుకున్నారు. నాది నన్ను ఉంచుకోనివ్వండి."

పెద్దాయన చెయ్యి తన బోసి నడినెత్తి మీదికి వెళ్లి, అక్కడే కాసేపు తడుముకుంది. తర్వాత ఆయన గిన్నె ముందుకు చాచాడు.

"వండాక నాకు కాస్త కొవ్వున్న ముక్క వెయ్యి, తమ్ముడూ."

కసాయివాణ్ని, తెలిసి తెలిసీ, తమ్ముడూ అని! గిల్బో చేతిలో కత్తెర తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.