పక్కింటి ముందు పాచి

మా ఆయన పోయాక అండమాన్‌లోని బాంబూఫ్లాట్ ఊళ్లో ఒక్కదాన్నే ఉంటున్నాను. మా వీధిలో సిమెంటు దారి జెట్టీ వైపు ఏటవాలుగా దిగుతుంది. వానలు మొదలైతే దాని నిండా పాచి పడుతుంది. ఎవరి గుమ్మం ముందు వాళ్లు గీక్కోవడం మా అలవాటు. పక్కింటివాళ్లు తాళం వేసి డిగ్లీపూర్ వెళ్లిపోయారు. నేను మా గోడ చివరిదాకా గీకి, అక్కడే ఆపేసేదాన్ని.

పోయిన వానాకాలంలో ఒక ఉదయం, చేపలమ్మే ఆవిడ ఆ తాళం వేసిన ఇంటి ముందు జారిపడింది. గంపలోని చేపలు దారంతా చెల్లాచెదురయ్యాయి. నేను పరుగెత్తుకెళ్లి లేపాను. ఆవిడ మోచెయ్యి గీరుకుపోయి రక్తం వస్తోంది.

"ఇక్కడిదాకా గీకినారు. ఇంకో నాలుగడుగులు గీకితే ఏటయిపోద్ది దీదీ?" అంది.

"అది మా ఇల్లు కాదు కదమ్మా," అన్నాను.

"నడిసేవోళ్లకి ఎవులిల్లయితే క్యా ఫరక్?"

చేపలు ఏరి గంపలో వేశాను. ఆవిడని ఇంట్లోకి తీసుకొచ్చి, గాయం కడిగి మందు రాశాను. టీ పెట్టాను. అలమరలోంచి రెండో కప్పు తీసి ఎన్ని నెలలయిందో, లోపల దుమ్ము పట్టి ఉంది. ఆవిడ పావుగంట కూర్చుని, కూతురి పెళ్లి కబుర్లు చెప్పి వెళ్లిపోయింది.

ఆవిడ వెళ్లగానే ఇల్లు మళ్లీ నిశ్శబ్దమైపోయింది. గీకుడు పార తీసుకుని పక్కింటి ముందు కూర్చున్నాను. మధ్యాహ్నందాకా గీకాను. ఇద్దరు ముగ్గురు పక్కనుంచి నడిచివెళ్లారు గానీ, ఎవరూ పలకరించలేదు.

ఇప్పుడు వారంవారం రెండిళ్ల ముందూ గీకుతున్నాను. ఆవిడ మాత్రం మళ్లీ ఇటు రాలేదు. హోప్ టౌన్‌లో అమ్ముకుంటోందని విన్నాను.