అక్క మీటరు మీద నా కారు

నా ఎలక్ట్రిక్ కారు వల్ల ఒకావిడకు వితంతు పింఛను ఆగిపోయింది. ఈ మాట ఇన్నాళ్ళూ ఎవరితోనూ ఇంత సూటిగా చెప్పలేదు. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ మాత్రం నా బండికి కిలోమీటరుకి రూపాయి కూడా అవదని చెబుతూ తిరిగాను. ఆ రూపాయి లెక్క చెప్పేటప్పుడు నా మొహం ఎలా వెలిగిపోయేదో తలుచుకుంటే ఇప్పుడు రోత పుడుతుంది.

నేను రొయ్యల మేత అమ్మే కంపెనీలో పని చేస్తాను. ఉండేది గుడివాడలో. వారానికి మూడుసార్లు పామర్రు, కూచిపూడి మీదుగా దివిసీమ దిగి, నాగాయలంక చుట్టుపక్కల చెరువులు చూసుకుని సాయంత్రానికి ఇల్లు చేరాలి. డీజిలు ఖర్చు భరించలేక పాత కారు అమ్మి, ఒకరు వాడిన సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ కారు కొన్నాను. ఏసీ వేసుకుని వెళ్తే దాని బ్యాటరీ రానూపోనూ సరిపోదు. మధ్యలో ఎక్కడో ఒకచోట చార్జింగు పెట్టి తీరాలి.

ఇంట్లో పెడితే చవకన్నారు. మొదట్లో చవకే. నెల గడిచేకొద్దీ మీటరు పై స్లాబులోకి ఎక్కి, చివరి యూనిట్లు ఒక్కోటి తొమ్మిది రూపాయలు దాటాయి. అయినా బయటి ధరతో పోలిస్తే అది పుణ్యమే. పామర్రు రోడ్డులో ఒక హోటలు వెనకాల ఫాస్ట్ చార్జర్ ఉంది. రెండు చార్జింగు గన్నులుంటే ఒకటి ఎప్పుడూ పనిచేయదు. ముందు ఫోన్లో డబ్బు వేసుకోవాలి. యూనిట్ ఇరవై పైన, పన్ను అదనం. ముప్పావు గంట ఆ హోటలు ఎంగిలాకుల కంపులో నిలబడి, తెర మీద యూనిట్లూ రూపాయలూ ఎక్కుతుంటే నా నెత్తురు ఎవరో లాగుతున్నట్టు చూసేవాణ్ణి. పాయింటు తర్వాత అంకె కూడా వదిలేవాణ్ణి కాదు. ఒకసారి చూపించిన దానికన్నా అర యూనిట్ ఎక్కువ పట్టుకున్నారని కస్టమర్ కేర్‌తో ఇరవై నిమిషాలు పోట్లాడాను.

ఆ పోట్లాట జరిగిన వారమే అక్క ఇంటి గోడకున్న పెద్ద ప్లగ్గు నా కంటపడింది.

నాకు వరసకి అక్క. అవనిగడ్డ దాటాక రోడ్డు పక్కనే రెండు గదుల డాబా. బావ పోయాక ఇడ్లీ పిండి, దోసెల పిండి రుబ్బి అమ్ముకుంటూ, నెలనెలా వచ్చే పింఛనుతో గడుపుకుంటోంది. ఆ ప్లగ్గు గ్రైండరు కోసం పెట్టించుకున్నది. నేను అటు వెళ్ళినప్పుడల్లా మధ్యాహ్నం భోజనం అక్కడే.

"ఇక్కడ పెట్టుకుంటే ఎక్కుతుందా తమ్ముడూ నీ బండికి?" అని తనే అడిగింది.

"ఎక్కుతుంది గానీ నిదానంగా ఎక్కుతుందక్కా. బిల్లు ఎంతైతే అంత నేనిచ్చేస్తాను."

"చాల్లే ఊరుకో. ఇంటికొచ్చినోడి దగ్గర కరెంటుకి డబ్బులు తీసుకుంటారంట్రా ఎక్కడన్నా? రేపు మంచినీళ్ళకి కూడా లెక్క కట్టమంటావు."

మా వైపు ఇంటికొచ్చినవాళ్ళ దగ్గర డబ్బు తీసుకోవడమంటే పరువు తక్కువ. అక్క మాట అందులోంచే వచ్చింది. ఆ మర్యాదకు ఒక రెండో భాగం కూడా ఉంది. ఎదుటివాళ్ళు వద్దన్నా చేతిలో కుక్కి రావాలి. ఆ రెండోది నాకు తెలియక కాదు. ఊరికే వస్తే ఫినాయిలైనా తాగే రకం మనుషులుంటారని వెక్కిరిస్తుంటామే, నేనూ ఆ రకమే. మరుసటి వారం నుంచి పదకొండింటికి వాళ్ళ వాకిట్లో కారు పెట్టి, వైరు తగిలించి, మేత డీలరు మోటార్ సైకిలు మీద చెరువులన్నీ తిరిగి, అయిదింటికి వచ్చి వైరు చుట్టుకుని పోయేవాణ్ణి. మధ్యలో వచ్చి అన్నం కూడా తినేవాణ్ణి. పిండి రుబ్బాలంటే అక్క నేను వెళ్ళేదాకా ఆగేది.

"బిల్లెంత వచ్చిందక్కా?" అని ఒక్కసారి అడిగాను. "నీకెందుకులే" అంది. అమ్మయ్య అనుకున్నాను. మళ్ళీ అడగలేదు. అప్పుడప్పుడూ డజను అరటిపళ్ళు, ఒకసారి బందరు లడ్డూ అరకేజీ పట్టుకెళ్ళి, ఋణం తీర్చుకున్నవాడిలా కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను. బందరులో కంపెనీ మీటింగు జరిగితే, కారుని తెలివిగా వాడుకోవడం ఎలాగో పదిమందికి పాఠం కూడా చెప్పాను.

ఏడు నెలలు అలా గడిచాయి. ఒకరోజు మధ్యాహ్నం భోజనానికి వెళ్తే అక్క గుమ్మంలోకి వచ్చి, "తమ్ముడూ, ఇకమీదట బండికి ఇక్కడ చార్జింగు పెట్టకురా" అంది. కారణం చెప్పలేదు. నాకు చర్రున కోపం వచ్చింది. అన్నం తినకుండా వచ్చేశాను. మోటార్ సైకిలు తిరిగి ఇచ్చేటప్పుడు డీలరుతో, "మనుషులు ఎంత మారిపోయారండీ! నాలుగు యూనిట్ల కరెంటుకి కూడా లెక్కలు చూస్తున్నారు" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "మీకు తెలీదాండీ? ఒకటో తారీకున ఆవిడకి పింఛను ఇవ్వలేదు. నెలకి మూడొందల యూనిట్లు దాటితే పేరు తీసేస్తారంటండీ. ఒంటరి మనిషి, అన్ని యూనిట్లు ఎలా కాలుస్తుందని ఊరంతా అనుకుంటున్నాం. ఎలాగో మీకే తెలియాలి మరి."

అక్క సొంత వాడకం నెలకు నూటపాతిక దాటదు. మిగతాదంతా నాదే. ఆ లెక్క కట్టడానికి నాకు కాగితం కూడా అక్కర్లేకపోయింది. మర్నాడే వెళ్ళి అక్కను కారెక్కించుకుని వాళ్ళ గ్రామ సచివాలయానికి తీసుకెళ్ళాను. నేను కారణమని రాసిచ్చేస్తాను, నీ పింఛను నీకు వచ్చేస్తుంది అని దారి పొడుగునా చెప్పాను. అక్క నమ్మింది. ఉతికిన చీర కట్టుకుని, బిల్లులన్నీ వరసగా పిన్ను పెట్టి తెచ్చుకుంది.

అక్కడి ఉద్యోగి మర్యాదస్తుడు. అంతా విని, "మంచిదేనండీ. ఇన్ని నెలలు నా కారుకి ఈవిడ మీటరు వాడుకున్నానని మీరు రాసి సంతకం పెట్టండి, పైకి పంపిస్తాను. కరెంటు ఆఫీసు నుంచి మీకు ఫోను వస్తుంది. వెళ్ళి చెప్పుకోవాలి. జరిమానా వేసినా వేస్తారండీ" అన్నాడు.

కాగితం నా ముందుకు జరిపాడు. నేను పెన్ను తీశాను. జరిమానా ఎంత వేస్తారో అనుకున్నాను. కంపెనీ నాకు చార్జింగు ఖర్చుకని నెలనెలా డబ్బిస్తోంది, ఆ సంగతి బయటికి వస్తుందేమో అనుకున్నాను. అక్క నా పెన్ను వంకే చూస్తోంది.

"ఇంతకీ ఎన్ని యూనిట్లు పెట్టుకున్నారండీ?" అన్నాడతను.

"నాకు సరిగ్గా తెలీదండీ," అన్నాను. "ఏదో ఒకటి రెండుసార్లు పెట్టినట్టున్నాను. ఎన్ని పడ్డాయో చూడలేదు."

అర యూనిట్ కోసం పోట్లాడిన నోటితోనే ఆ మాట అన్నాను. ఛీ. పెన్నుకు మూత పెట్టి, తేలు కుట్టిన దొంగలా బల్ల వంక చూస్తూ కూర్చున్నాను.

"గ్రైండరేనండీ," అంది అక్క, అతనితో. "పాతదైపోయింది. అదే లాగేసుంటుంది."

"అయితే గ్రైండరు వాడకం ఆపెయ్యండమ్మా. యూనిట్లు తగ్గాక మళ్ళీ అర్జీ పెట్టుకోండి. ఆరు నెలలు పట్టొచ్చు."

అక్క బిల్లులన్నీ మడిచి సంచిలో పెట్టుకుంది. బయటికి వచ్చాక నేను ముందు నడిచి, కారు తలుపు తీసి పట్టుకున్నాను. ఆమె కారు దాకా రాలేదు. రోడ్డు మీద ఆటో కోసం చెయ్యెత్తి, నా వైపు చూడకుండానే, "మీరు వెళ్ళండి. నేను ఆటోలో వెళ్తానండీ" అంది.