బగోనలో పట్టినన్ని కాయలు

ఆత్మకూరు సాలెవాడలో మంజుల గురించి ఒక మాట ఉంది. యూనివర్సిటీ వాళ్ల పట్టుకాయలు సంచుల కొద్దీ ఇంటికి మోసుకొచ్చిందట, లాక్‌డౌన్‌లో ఎవరూ చూడరని దారం తీయించి గద్వాల షావుకారుకు అమ్ముకుందట, దొరికిపోతే పట్టా ఇవ్వకుండా వెళ్లగొట్టారట. నల్లా దగ్గర యాదలక్ష్మి ఈ కథ చెప్పినప్పుడల్లా సంచులు పెరుగుతాయి. ఆదివారం జడ్చర్ల నుంచి వచ్చి బస్సు దిగిన మంజుల ఆ దారిన కనబడగానే మాట ఆగుతుంది. "ఏం బిడ్డా, డాక్టర్‌వయినవా?" అని పలకరింపు మొదలవుతుంది. మంజుల నవ్వినట్టు ముఖం పెట్టి ఇంట్లోకి పోతుంది.

ఆమె చదివింది జీవరసాయనం. హైదరాబాద్‌లో పీహెచ్‌డీకి చేరిన ఏడు, అదేం చదువో చెప్పమన్నాడు తండ్రి మల్లేశం. మగ్గం పక్కన నేల మీద కూర్చొని చెప్పింది. పట్టుపురుగు ఒంట్లో దారం తయారుచేసే గ్రంథి ఉంటుంది. పురుగు గూడు అల్లడం ముగించగానే ఒంట్లో ఒక రసం ఊరి ఆ గ్రంథి కణాలకు కబురందిస్తుంది. కబురందిన కణాలు తమ లోపలి ప్రోటీన్లకు గుర్తు తగిలిస్తాయి. గుర్తు పడినవాటిని కణంలోని యంత్రమే ముక్కలు చేస్తుంది. చివరికి గ్రంథే కరిగిపోతుంది. ఆ కబురు ఏ దారిన నడుస్తుందో, గుర్తు ఏది వేస్తుందో కనిపెట్టడం తన పని. మనుషుల్లో ఇదే అదుపు తప్పితే కండరాలు కరిగే జబ్బులు వస్తాయని కూడా చెప్పింది.

మల్లేశం నాడె ఆపి విన్నాడు. "అంటే దారమిచ్చినంక దానికి గదేనా కూలి?" అన్నాడు. "మా నేతోళ్ల సొసైటోళ్లే నయం కదనే."

పీహెచ్‌డీ ఐదో ఏట ఆమెకు వింత పురుగులు దొరికాయి. గూడు కట్టాక కూడా వాటి గ్రంథి కరగలేదు. కబురు అందుతోంది, గుర్తు మాత్రం పడటం లేదు. ఎందుకు పడటం లేదో తేలితే గుర్తు వేసేదేదో తెలిసిపోతుంది. ఆమెకు గైడ్ రామచంద్రయ్య సారు. ఎవరినీ మెచ్చుకోని మనిషి. మైక్రోస్కోపులో చూసి తన చాయ్ ఆమె ముందుకు జరిపాడు. ఆ రకం పురుగులు ఒక్క విడత పెంచడానికి సరిపడానే ఉన్నాయి. కాయల్లోంచి రెక్కల పురుగులు బయటికొచ్చి గుడ్లు పెడితేనే రకం నిలుస్తుంది.

అప్పుడే లాక్‌డౌన్ వచ్చింది. హాస్టల్ ఖాళీ చేయమన్నారు. మేత వేసేవాళ్లు లేక పురుగులు చస్తాయని, సారును అడిగి, మల్బరీ ఆకు మూటతో సహా అట్టపెట్టెల్లో ఇంటికి తెచ్చుకుంది. నాలుగు దినాలు మేసి అవి గూళ్లు కట్టి కాయలయ్యాయి.

ఇంట్లో మగ్గం ఆగిపోయి ఉంది. షావుకారు నూలు ఇవ్వడం లేదు. నేసిన చీరలు కూడా వెనక్కి వచ్చాయి. మల్లేశం పొద్దున్నే మగ్గాన్ని గుడ్డతో తుడిచి, దాని ముందే కూర్చునేవాడు. తిండికి పిలిస్తే లేచేవాడు, లేకపోతే లేదు.

ఒకరోజు ఎలుకలు రాకుండా కాయలను చూడమని ఆయనకు చెప్పి, మంజుల రేషన్ బియ్యం వరుసలో నిలబడటానికి వెళ్లింది. మల్లేశం చూస్తూ ఉన్నాడు. ఒక కాయ కొస తడిసింది. వయసులో ఉన్నప్పుడు ఆయన కొన్నాళ్లు కాయల నుంచి దారం తీసే కార్ఖానాలో పనిచేశాడు. కొస తడిసిందంటే లోపలి పురుగు చిల్లి పెట్టుకొని బయటికొస్తుందని, చిల్లి పడిన కాయ దారం తీయడానికి పనికిరాదని ఆయనకు తెలుసు. భార్య వెంకటనర్సమ్మను పొయ్యి ముట్టించమన్నాడు.

మంజుల వచ్చేసరికి పొయ్యి మీది బగోనలో మరిగే నీళ్ల మీద కాయలు తేలుతున్నాయి. రాట్నం తిరుగుతోంది.

"జర ఆలస్యమైతే అన్నీ చిల్లులే బిడ్డా. ఒక్కదాన్ని గూడ పోనియ్యలే."

చాలా రోజుల తర్వాత ఆయన ముఖంలో వెలుగు కనబడింది. వేళ్లకు తెల్లగా దారం అంటుకొని ఉంది. మంజుల బియ్యం సంచి దించింది. నీళ్లలో అడుగున ఉడికిన పురుగులను చూసింది.

"మంచిగ చేసినవ్ బాపు" అంది.

ఇంటి వెనక ఆమె ఒంటరిగా నిలబడి ఉంటే తల్లి వచ్చి సంగతి రాబట్టింది. విన్నాక కూతురి చెయ్యి పట్టుకొని ఒకటే అడిగింది, ఆయనకు చెప్పొద్దని.

యూనివర్సిటీ తెరిచాక, పురుగులన్నీ పోయాయని విని సారు ఆమెను గదికి పిలిచాడు. తప్పు ఆమెది కాదంటే కమిటీతో మాట్లాడి గడువు ఇప్పిస్తానన్నాడు. అయితే ఇంట్లో ఏం జరిగిందో తాను తెలుసుకోవాలి, ఒకసారి మీ నాన్నగారికి ఫోన్ కలపమన్నాడు. ఫోన్ ఆమె చేతిలోనే ఉంది.

"ఇంట్ల ఎవరూ ముట్టలేదు సార్. నేనే ఎండల పెట్టి మరిచిపోయిన" అంది మంజుల.

 సారు కిటికీ వైపు తిరిగాడు. గడువు రాలేదు. రకం పోయింది కాబట్టి పని కూడా మిగల్లేదు. ఇప్పుడు ఆమె జడ్చర్లలో ఒక మందుల కంపెనీలో, మాత్రలు నీళ్లలో సరిగ్గా కరుగుతున్నాయో లేదో చూసే ఉద్యోగం చేస్తోంది. కిరాయి గదిలో ఉంటుంది.

వాడలో మాట తిరిగి తిరిగి మొన్నటి ఆదివారం మల్లేశం చెవిన పడింది. అన్నం ముందు కూర్చొని ముద్ద కలపకుండా అడిగాడు.

"నిజం చెప్పు బిడ్డా. అమ్ముకున్నవా?"

"లేదు బాపు."

"మరెందుకు తీసేసిండ్రు? నేను దారం తీసినయి పిడికెడు. గన్ని కాయలకే చదువు తీసేస్తరా ఎవరన్నా? మిగతా కాయలు ఎటు పోయినయి?"

వెంకటనర్సమ్మ వడ్డించే చెయ్యి ఆగింది. మంజుల తల వంచుకొని తినసాగింది. మల్లేశం కంచం పక్కకు నెట్టి, చేయి కడుక్కొని బయటికి పోయాడు. మరుసటి పొద్దున ఆమె బస్సుకు బయలుదేరుతుంటే ఎప్పటిలా సంచి అందుకోలేదు.

మిగతా కాయలు లేవు. ఆమె తెచ్చినవన్నీ ఆ బగోనలోనే పట్టాయి.