ముదిరిన జీలుగ

చెరుకుపల్లి దగ్గర మాకున్న ఎకరంలో ఆ ఏడాది వరికి ముందు, మొక్క ఎదిగాక నేలలో దున్నేసి ఎరువు చేసుకుందామని జీలుగ చల్లాం. ఏటా యూరియా పెంచుకుంటూ పోయినా పైరు పచ్చబడడం లేదు, నేల రాయిలా గట్టిపడింది. బాపట్లలో విత్తనాలు ఇచ్చినాయన మా ఆయనకు ఒకటే చెప్పాడు: "పూతకొచ్చేసరికి దున్నెయ్యండి. ముదిరితే ఓ పట్టాన కుళ్ళదండి."

సరిగ్గా పూతకొచ్చిన వారమే మా ఆయనకు డెంగీ వచ్చింది. తెనాలి ఆస్పత్రిలో మంచం పక్కన పన్నెండు రోజులు కూర్చున్నాను. తిరిగొచ్చి చూస్తే జీలుగ నా తల దాటి పెరిగింది. ట్రాక్టరతను గట్టు దిగనే లేదు.

"కాడ కట్టెలాగైపోయిందక్కా, రోటవేటర్ కత్తులకి చుట్టుకుపోద్ది. కోసి ముక్కలు చేసి పడేస్తే అప్పుడు తిప్పుతాను."

నారుమడిలో వరినారు ఎదిగిపోతోంది. కూలీలు దొరకలేదు. పెనుమూడి నుంచి మా ఆడబిడ్డ వచ్చింది. ఇద్దరం కొడవళ్ళు పట్టుకుని దిగాం. రెండో రోజుకే అరచేతులు బొబ్బలెక్కాయి. మూడో రోజు ఆడబిడ్డ ఒక మొక్కను వేళ్ళతో సహా పీకింది. వేళ్ళ నిండా ఆవగింజలంత బుడిపెలు. ఒకటి గోటితో చిదిమితే లోపల ఎర్రగా ఉంది.

"చూడు వదినా, గాల్లో ఉన్న బలాన్ని ఇవే పట్టి దాస్తయ్యంట. మా ఆయన చెప్పారు."

"దాస్తే దాచినియ్యిలే," అన్నాను. నాకు అక్కడే గట్టు మీద పడుకోవాలనిపించింది.

నాలుగో రోజుకు పని తెమిలింది. ట్రాక్టరు తిప్పి నీళ్ళు పెట్టాం. కుళ్ళు వాసన నా చీరలకు పట్టి వదల్లేదు.

"నేను లేచేదాకా ఆగాల్సింది," అన్నారు మా ఆయన.

"మీరు లేచేదాకా నారు ఆగుద్దా అండీ?"

అన్నానికి కూర్చుంటే నా వేళ్ళు ముడుచుకోవడం లేదు. ఆయనే కలిపి ముద్దలు పెట్టారు.

నాట్లప్పుడు కుళ్ళని కాడలు కాళ్ళకు గుచ్చుకుని ఆడవాళ్ళు నన్ను తిట్టుకున్నారు. తర్వాత పైరు నల్లగా పచ్చబడింది, ఒక దఫా యూరియా మానేశాం. దిగుబడి మాత్రం పెరగలేదు, తగ్గనూ లేదు. కోతయ్యాక మట్టి పిడికిట్లో నలిపితే మెత్తగా విడిపోయింది. ఆయన దాన్ని ఇంటికి తెచ్చి మరీ చూపించారు.

"వచ్చే ఏడూ చల్లుదామా?" అని అడిగారు.

సరేనన్నాను. వద్దని వాదించడానికి ఓపిక లేదు.