మేస్త్రమ్మ అడిగిన ముందు షెడ్డు

పోయిన వారం పొద్దున్నే, ఎమ్మిగనూరులో నేను పనిచేసే బట్టల దుకాణం షట్టరు ఎత్తుతుంటే ఫోన్ వచ్చింది. "పాపా, మేస్త్రమ్మ పోయింది. తెల్లారేతలికే ఊపిరి నిలిచిపోయింది. మధ్యాన్నం ఎత్తుతారంట, వస్తావా?" అని అడిగింది ఆదోని పత్తి మిల్లులో పనిచేసే ఒకామె. వస్తానన్నాను. షట్టరు సగంలోనే వదిలేసి గుమ్మంలో కూర్చుండిపోయాను.

మేస్త్రమ్మ ఎవరో మీకు చెప్పాలి. మిల్లులో పత్తి మిషనుకు పోకముందు దాంట్లోని ఆకు, పుల్ల, కాయతొక్కు చేత్తో ఏరాలి. ఆ పనికి చుట్టుపక్కల పల్లెల నుంచి ఆడవాళ్ళను పిలుచుకొచ్చి, వాళ్ళ ముందు కూర్చుని పని నడిపించే మనిషి ఆమె. పెళ్ళికి ముందు నేనూ ఆ మిల్లులోనే కాటా దగ్గర తూకాలు చూసేదాన్ని. ఆమె నోరు మంచిది కాదని మిల్లంతా అనేవారు. నిజమే. ఆమె బాగోగులు అడిగినా తిట్టినట్టే ఉండేది. తిట్టిన తర్వాత తన సద్దిలో సగం రొట్టె చేతిలో పెట్టేది, దాన్ని కూడా విసురుగానే.

దసరాకు దేవరగట్టు బన్ని జాతర అయిపోయిందంటే మిల్లుకు పత్తి బండ్లు మొదలయ్యేవి. అక్కడి నుంచి ఎండలు ముదిరేదాకా ఏరేవాళ్ళు వెనక షెడ్డులోనే. మిషన్ల దుమ్మును బయటికి ఊదే గొట్టం సరిగ్గా ఆ షెడ్డు వైపే తెరుచుకుని ఉండేది. కొంగులు ముక్కుకు చుట్టుకున్నా లాభం లేదు. సాయంత్రం బస్సుకు పోయేముందు మేస్త్రమ్మ ఒక్కొక్కరినీ నిలబెట్టి తలలో దూది ఏరేది. "ఇట్లే పోతే బస్సులో మనల్ని ముసిలోళ్ళనుకోని సీటు ఇస్తారే," అని నవ్వించేది. నవ్వితే దగ్గు వచ్చేది వాళ్ళకు. అందుకని కొందరు నవ్వు ఆపుకునేవాళ్ళు.

ఒకరోజు ఆమె కాటా దగ్గరికి వచ్చింది. "నాకొగ ఐడ్యా వచ్చింది పాపా. సావుకారికి సెప్పాల. నువ్వు పక్కన నిలబడు సాలు." మా మిల్లులో మేనేజ్‌మెంట్ అంటే ఆ సావుకారు ఒక్కడే. ఆయన మాటకు ముందూ వెనకా ఇంకెవరూ లేరు.

ఆమె ఆలోచన ఇది. గేటు పక్కన ముందు షెడ్డు ఒకటి ఉంది. మంచి గాలి వస్తుంది. దాంట్లో సావుకారి కార్లు నిలబెడతారు. కార్లను వెనక్కి పంపి, ఆడవాళ్ళను ముందుకు తేవాలి. అంతే. కట్టేది లేదు, కొనేది లేదు.

"కార్లకు దగ్గు రాదు గదా సావుకారీ," అంది ఆయన ముందు నిలబడి. తిడతాడనుకున్నాను. ఆయనకు కోపం రాలేదు. ఫోను మీద నుంచి తల ఎత్తకుండానే, "చూద్దాంలేమ్మా," అన్నాడు.

చూద్దాం అంటే కాదని నాకు తెలుసు, మీకూ తెలుసు. బయటికొచ్చాక ఆమెకు చెప్పాను. ఒప్పుకోలేదు. "కాదంటే కాదనే అంటాడు, ఆయనకేం బయమా? సూద్దామన్నాడు. సూసేకి వస్తాడు, సూడు." ఆ రోజు నుంచి కనిపించినప్పుడల్లా ఆయన్ను అడిగేది, ఎప్పుడొస్తావు సావుకారీ అని. "అడిగినామని ఎవురూ సంపరు పాపా," అనేది నాతో.

విసిగిపోయాడో, ఆ వేళ మనసు బాగుందో, "రేపు పొద్దున వస్తా పో," అన్నాడు ఒకసారి. నేనే నమ్మలేకపోయాను.

మర్నాడు ఆయన వెనక నేనూ వెనక షెడ్డుకు పోయాను. పోయి చూస్తే అది మా షెడ్డులా లేదు. పత్తి కుప్పలను గోడవారకు జరిపి పట్టలు కప్పారు. నేలంతా ఊడ్చి, నీళ్ళు చల్లి, వాకిట్లో ముగ్గు వేశారు. ఆడవాళ్ళు ఉతికిన చీరలు కట్టుకుని వరసగా నిలబడ్డారు. మిషను కూడా తిరగడం లేదు. సావుకారి మీద దుమ్ము పడుతుందని, ఆయన వచ్చిపోయేదాకా ఆపమని మిషను నడిపే అతన్ని బతిమాలుకుందట మేస్త్రమ్మ.

సావుకారు చుట్టూ చూశాడు. "దుమ్మేదమ్మా ఇక్కడ? మా ఇల్లు కూడా ఇంత శుభ్రంగా ఉండదు," అన్నాడు. మెచ్చుకున్నాడు కూడా. మెచ్చుకుని వెళ్ళిపోయాడు.

ఆమె చేతులు జోడించుకునే ఉంది. మిషను మొదలైంది, గొట్టం ఊదింది, ముగ్గు కనిపించకుండా పోయింది. అప్పుడు నా వైపు తిరిగింది. "పెద్దమనిషి ఇంటికి వస్తాంటే కసువులో నిలబెడతామా పాపా? నాకు తెలీకపాయ," అంది. ఆమె గొంతు అంత చిన్నగా పలకడం నేను వినడం అదే మొదటిసారి. సావుకారి మీద ఎంత కోపం వచ్చిందో, ఆమె మీద అంత జాలి కలిగింది. మర్యాద చేసి ఓడిపోయిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

ఆ తర్వాత చూద్దాం అనే మాట కూడా పోయింది. ఎప్పుడు అడిగినా "చూసినాను కదమ్మా," అనేవాడు. అది అబద్ధం కాదు మరి. ఈసారి ఊడ్చకుండా ఉంచుతాను, ఒక్కసారి రమ్మని ఆమె అడుగుతూనే ఉంది. ఆయన రాలేదు. నాకు పెళ్ళయి ఎమ్మిగనూరు వచ్చేశాను. ఆదోని పోయినప్పుడల్లా కలిసేదాన్ని. కలిసిన ప్రతిసారీ ఆమె మాటలు పొట్టివైపోయేవి, మధ్యలో ఊపిరి అందక. పత్తికి దూరంగా ఉండమని డాక్టరు చెప్పాడట. "పత్తి లేని ఊరు యాడుందో సెప్పమను," అంది. అదే ఆమె నాతో అన్న చివరి మాట. పత్తి దుమ్మే ఆమెను తీసుకుపోయిందని చెప్పడానికి నేను డాక్టర్ని కాను. నాకు అనిపించేది మాత్రం అదే.

మధ్యాహ్నానికి ఆమె పల్లె చేరాను. షెడ్డు ఆడవాళ్ళంతా వచ్చారు. ఒకామె శవం పక్కన కూర్చుని, మేస్త్రమ్మ మంచితనమంతా చెప్పుకుంటూ శోకం ఎత్తుకుంది. రెండు మాటలు కాగానే దగ్గు ముంచుకొచ్చి వంగిపోయింది. పక్కనున్నామె ఆ మాట అందుకుంది. ఆమెకూ అంతే. ఇంకొకామె అందుకుంది. పాడె లేచేదాకా అలా ఒకరి ఏడుపు ఒకరు అందుకుంటూనే ఉన్నారు. ఏ ఒక్కరూ చివరిదాకా ఏడవలేకపోయారు.