కాఫీ కుంపటి పక్కన థర్మోస్టాట్

కరోనా సద్దుమణిగాక వచ్చిన రెండో చలికాలంలో, నా రిటైర్మెంటుకు కొద్ది ముందు, మా కంపెనీ నన్ను మస్కట్‌లోని ఖురం ఆఫీసు నుంచి జెబెల్ అఖ్దర్ కొండమీది సైటుకు కమిషనింగ్ ఇంజనీరుగా పంపింది. కొత్త ఇంట్లో యంత్రాలన్నీ సరిగ్గా నడుస్తున్నాయని చూసి యజమానికి అప్పగించడం ఆ ఉద్యోగం. ఒమన్‌లో ఇల్లు వెచ్చబెట్టడమేమిటని నవ్వకండి. మస్కట్‌లో ఉడికిపోయేవాళ్లకు ఆ కొండెక్కితే పళ్లు టకటకలాడతాయి.

ఆ విల్లాలో నేల కింద గొట్టాలు పరిచి వేడినీళ్లు తిప్పే ఏర్పాటు చేశాం. గదికో థర్మోస్టాట్. తన చుట్టూ గాలి చల్లబడితే నీళ్లు వదలమంటుంది, వెచ్చబడితే ఆపమంటుంది. దానికి తెలిసిన ప్రపంచం జానెడు. అందుకే దాన్ని ఎండ, తలుపు, పొయ్యి సోకని లోపలి గోడకు ఛాతీ ఎత్తున బిగించాలి.

ఫోర్‌మన్ రాజన్నది జగిత్యాల. ఊళ్లో భార్యకు తొలి కాన్పు దగ్గరపడింది. అప్పగింత కాగితం మీద యజమాని హమద్ సంతకం పడితేనే అతనికి సెలవు. హమద్ మాత్రం మజ్లిస్, అంటే అతిథుల గది, చుట్టాలొస్తే చాలు చల్లబడుతోందని సంతకం ఆపేశాడు. మేము వెళ్లి చూసినప్పుడల్లా నేల వెచ్చగానే ఉండేది.

“మనమొస్తే ఎచ్చగుంటది, సుట్టాలొస్తే సల్లగైతది. గిదేం నేల మేడమ్!” అని రాజన్న తల పట్టుకున్నాడు. పంపు విప్పాడు, గొట్టాల్లో గాలి తీశాడు, సామాను పంపినవాళ్లను తిట్టాడు. పాపం, కళ్లముందు కాన్పు, కాళ్లకింద అంతుపట్టని నేల.

చివరికి చుట్టాలొచ్చే సాయంత్రమే మమ్మల్నీ పిలవమని హమద్‌తో అన్నాను. ఖర్జూరాలు తింటూ కూర్చున్నాను. పాదాలు కొంకర్లు పోతున్నాయి. తలుపు పక్కన చుట్టాలొస్తేనే వెలిగించే బొగ్గుల కుంపటి, దానిమీద కాఫీ కూజా. సరిగ్గా దానికి పైన గోడకు మన థర్మోస్టాట్, హాయిగా చలి కాచుకుంటోంది! గదంతా వణుకుతున్నా దానికి ఎండాకాలమే, వేడినీళ్లు ఆపేసింది.

డ్రాయింగులో దాని చోటు ఎదురుగా ఉన్న లోపలి గోడ. ఇక్కడికెలా వచ్చిందని అడిగాను.

“ఏసీలకు ఎప్పుడూ గీడనే పెడ్తం గద మేడమ్, లైట్ స్విచ్చుల పక్కన” అన్నాడు రాజన్న.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. గల్ఫులో ఏసీతో వచ్చిన బుద్ధీ అంతే.

కుంపటి జరపమని రాజన్న హమద్‌ను అడగబోయాడు. నోరు మూయించాను. తలుపు దగ్గర కాఫీతో ఆహ్వానించి, ఆ నిప్పుల మీదే సాంబ్రాణి వేసి సాగనంపడం ఆ ఇంటి మర్యాద. మా డబ్బా కోసం వాళ్ల మర్యాద జరుగుతుందా? డబ్బానే జరిపాం. గోడ తవ్వి, వైరు లాగి, మళ్లీ పూత పూసేసరికి అంత చలిలోనూ రాజన్నకు చెమటలు పట్టాయి.

మళ్లీ చుట్టాలొచ్చిన రోజు ఎవరూ శాలువా అడగలేదు. హమద్ “ఖలాస్” అని సంతకం పెట్టి, సాంబ్రాణి పాత్ర రాజన్న ముందుకు తెచ్చాడు. అక్కడ సాంబ్రాణి తిరిగిందంటే అతిథి లేవాలని అర్థం.

“అంటే ఇగ నేను పోవచ్చా మేడమ్?”

“పోవయ్యా, నీకంటే ముందు నీ బిడ్డ వచ్చేట్టుంది” అన్నాను. నాకు భలే సంతోషమేసింది. కూతురు పుట్టే వేళకు అతను ఆస్పత్రి వరండాలోనే ఉన్నాడు.

థర్మోస్టాట్ గది సంగతి చెప్పదు, తానున్న చోటు సంగతి చెబుతుంది. ఆ తరువాత నేను చూసిన ప్రతి ఇంట్లోనూ దాన్ని బిగించేముందు యజమానిని అడిగింది ఒక్కటే: కాఫీ కుంపటి ఎక్కడ పెడతారు?